తార ఆస్తికి పాస్‌పుస్తకం ఉండదు!

సబ్బవరంలో ఎవరి ఆస్తి ఎంతో చెప్పడం పెద్ద కష్టమేం కాదు. ఎన్ని ఎకరాలు, రోడ్డుకి ఎంత దూరం, గజం ఎంత పలుకుతోంది... టీకొట్టు దగ్గరే లెక్క తేలిపోతుంది. సినిమా తారల దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క పనిచెయ్యదు. అయినా 'ఆమెకి ఇన్ని కోట్లట' అన్న మాట ఇంటర్నెట్‌లో తిరుగుతూనే ఉంటుంది. విశాఖలో పెరిగిన శోభితా ధూళిపాళకీ ఆ అంచనాలు తప్పలేదు. ఆ అంకెలు వేసినవాళ్లేమీ ఆమె బ్యాంకు ఖాతా చూసి వెయ్యలేదు.

మరి కచ్చితంగా తెలిసిందేమిటి? ఆమె చేసిన పని!

శోభిత పుట్టింది తెనాలిలో. నాన్న మర్చంట్ నేవీ ఇంజినీరు, అమ్మ టీచరు. స్కూలు చదువు విశాఖలో. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకుంది. కాలేజీ చదువుకి ముంబయి వెళ్లింది. 2013లో మిస్ ఇండియా ఎర్త్ కిరీటం గెలిచింది. ఇక సినిమాలు వరసకడతాయనే అనుకుంటాం. కానీ మొదటి సినిమా 'రామన్ రాఘవ్ 2.0' విడుదలయ్యింది 2016లో. మధ్యలో మూడేళ్లు... మోడలింగు, ఆడిషన్లు!

తెలుగమ్మాయి తెలుగు తెరమీద కనిపించడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సినిమా 'గూఢచారి'. మరుసటి ఏడు 'మేడ్ ఇన్ హెవెన్' వెబ్‌సిరీస్‌తో దేశమంతా గుర్తుపట్టింది. అంత పేరొచ్చిన ఆ సిరీస్ రెండో భాగం వచ్చింది 2023లో. ఈలోగా మలయాళంలో 'కురుప్', తెలుగులో 'మేజర్', తమిళంలో 'పొన్నియిన్ సెల్వన్'... 2024లో హాలీవుడ్ సినిమా 'మంకీ మ్యాన్'. అదే ఏడాది డిసెంబరులో నాగచైతన్యతో పెళ్లి. దాంతో అక్కినేనివారి ఆస్తినీ కలిపి లెక్కలు కట్టడం మొదలైంది. అది ఆమె సంపాదన ఎలా అవుతుంది?

స్టీల్‌ప్లాంటులో చేరిన కుర్రాడికి జీతమెంతో, పీఎఫ్ ఎంతో మొదటి నెలలోనే తెలుస్తుంది. నటికి ఆ సుఖం లేదు. పారితోషికం సాధారణంగా విడతల వారీగా అందుతుంది. చేతికి రాకముందే పదిశాతం పన్ను కోత. మేనేజరు కమీషను, దుస్తులు, మేకప్ ఖర్చులు ఉండనే ఉన్నాయి. మళ్లీ పిలుపు వచ్చేదాకా ఆదాయం సున్నా. ప్రకటనలు దొరికితే కాస్త ఊపిరి. అంచనాలు కట్టేవాళ్లు మాత్రం రాబడినే రాస్తారు, ఖాళీ నెలల్ని రాయరు.

సంపాదించడం ఒకెత్తు, నిలుపుకోవడం మరో ఎత్తు. మహానటి సావిత్రిని మించిన తార ఎవరు? 'మూగమనసులు' సినిమాని తమిళంలో 'ప్రాప్తం'గా సొంతంగా తీసి నష్టపోయింది. చివరి రోజుల్లో ఆర్థికంగా ఎంత నలిగిపోయిందో అందరికీ తెలిసిందే. ఆమె వెలుగుతున్న రోజుల్లో ఎవరైనా అంచనా కట్టి ఉంటే, ఆ అంకె ఎంత ఘనంగా ఉండేదో!

అద్దం ముందు డైలాగులు చెప్పుకునే అమ్మాయి మీ ఇంట్లోనూ ఉండొచ్చు. కోట్ల అంకెలు చూపించి ఆశపెట్టకండి. కష్టాల కథలు చెప్పి భయపెట్టనూ వద్దు. 2013కీ 2016కీ మధ్య ఉన్న ఆ మూడేళ్లని చూపించండి. అన్నాళ్లూ ఇంటద్దె ఎలా కట్టాలో తనే లెక్క వేసుకోగలిగిందా... ముంబయి రైలెక్కడానికి సిద్ధమైనట్టే!