వెనక ఇరుసు కింద నూనె మరక

కిందటి సంచికలో బాటరీ సంగతి ముగిస్తూ, ఈసారి వైపర్ల గురించి రాస్తామన్నాము. ఇంతలో మన సభ్యురాలొకరు ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, మా కారు తుక్కుకు వేసెయ్యమంటున్నారు. మీరొకసారి చూడకూడదూ?" అన్నారు. వైపర్లకు తొందరేముంది?

కారు మోరిస్ మైనర్ ట్రావెలర్, వెనక చెక్క చట్రం ఉన్న రకం. 1971లో మన ఊళ్లోనే, ఆడర్లీ పార్కు కర్మాగారంలో తయారైన ఆఖరి బండ్లలో ఒకటి. ఆవిడ భర్త, కీర్తిశేషులైన మన డాక్టరుగారు, ఏళ్ల తరబడి దానిలోనే నైట్ డ్యూటీలకు తిరిగారు. వచ్చే నెలలో అమ్మాయి పెళ్లి. నాన్న కారులోనే హాలుకు వెళతానని ఆ పిల్ల పట్టు. గారేజివారు కింద నూనె చూసి, ఇరుసు మొత్తం మార్చాలి, అంత ఖర్చు దండగ అన్నారట.

నూనె కనబడగానే గ్యాస్కెట్ పోయిందనుకోవడం తొందరపాటు. మన మెకానిక్కులు ప్యాకింగ్ అనేది దీన్నే. ముందు ఇరుసంతా బ్రష్షుతో, పారఫిన్‌తో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, రెడ్నల్ దాకా ఒకసారి తిప్పి తెచ్చి, కింద అట్ట పరిచి చూడాలి. ముందు మూతి దగ్గర తడిస్తే పినియన్ సీల్. గుండ్రటి పెట్టె అతుకు వెంబడి ఊరితే గ్యాస్కెట్. చక్రం లోపలివైపు జిడ్డుంటే హబ్బు సీల్. గేరు నూనె చిక్కగా, గంధకం కంపు కొడుతుంది. చేతికి అంటితే రెండుసార్లు స్నానం చేసినా వదలదు, మా ఆవిడ సాక్షి.

ఇక్కడ అతుకు వెంబడే ఊరుతోంది. కాని మాకు గుండె ఝల్లుమన్నది వేరే చోట. ఇంటి ముందు వాలులో హ్యాండు బ్రేకు పూర్తిగా లాగినా కారు జానెడు జారింది. డ్రమ్ము విప్పితే ఎడమవైపు బ్రేకు షూలు నూనెలో నానుతున్నాయి! పెద్ద మార్పులు చేయని, నలభై ఏళ్లు దాటిన కార్లకు 2018 మే నుంచి ఏటేటా ఎం.ఓ.టి. అక్కర్లేదు కదా, అంచేత ఎవరూ కిందికి తొంగి చూడలేదు. మినహాయింపు పరీక్షకే గాని బ్రేకులకు కాదు మరి. నూనె పీల్చిన షూలు పెట్రోలుతో కడిగితే బాగుపడవు, మార్చవలసిందే.

అన్నిటికీ మూలం మరీ చిన్నది. ఇరుసు మీద గాలి పోవడానికి ఉన్న రంధ్రం మట్టితో పూడిపోయింది. నూనె వేడెక్కినప్పుడు లోపలి గాలికి దారి లేక అతుకునూ సీలునూ తోసింది. దాన్ని శుభ్రం చేయకుండా గ్యాస్కెట్ ఒక్కటీ మారిస్తే మళ్లీ కథ మొదటికే.

పనికి ఒక ఆదివారం పట్టింది. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, వెనక భాగం స్టాండ్ల మీద నిలపాలి. జాకీని నమ్మి కిందికి దూరవద్దు. నూనె పోసే బిరడా వస్తుందో లేదో చూసుకోకుండా కింది బిరడా విప్పవద్దు. లేకపోతే పాత నూనె పోయి, కొత్తది పోసే దారి లేక కూర్చుంటారు. తరువాత డ్రమ్ములు తీసి, రెండు హాఫ్ షాఫ్టులూ బయటికి లాగి, ప్రొపెల్లర్ షాఫ్ట్ అతుకు మీద గీత గీసి విప్పాలి. అప్పుడు గాని డిఫరెన్షియల్ ముందుకు రాదు. బరువైనది, పక్కన ఇంకో మనిషి ఉండాలి.

తెప్పించిన ప్యాకెట్లో వేరే మోడలుది వచ్చింది. ఆదివారం ఏ కొట్టు తెరుస్తారు? బెజవాడ ఆటోనగర్‌లో చూసిన విద్య గుర్తొచ్చింది: గ్యాస్కెట్ కాగితం అతుకు మీద పరిచి, అంచు వెంట గుండు సుత్తితో మెల్లగా తట్టితే కొలతకు తెగుతుంది. ఈ ఇరుసులో పళ్ల అమరిక అంతా లోపలి చట్రంలోనే ఉంటుంది కనుక కాగితం మందం కొంచెం అటూఇటూ అయినా గేర్లకు హాని లేదు. పాత కాగితం గీకేటప్పుడు మాత్రం అల్యూమినియానికి గాటు పడనివ్వవద్దు. ఎడమ హబ్బు సీలూ, షూలూ కొత్తవి వేసి, 80/90 హైపాయిడ్ నూనె పింటున్నర, అంటే సుమారు 850 మి.లీ., పోశాము.

మినీ, అల్లెగ్రో వంటివి దాచుకున్నవారికి ఇదంతా పనికిరాదు. వాటి డిఫరెన్షియల్ ముందువైపు, ఇంజను కిందే ఉంటుంది.

అట్ట వారం రోజులుగా పొడిగా ఉంది. వాలులో హ్యాండు బ్రేకు నిలుస్తోంది. అయినా పెళ్లినాటి ఉదయం పూలు కట్టకముందే ఒకసారి కిందికి చూడమని పెళ్లికూతురికే చెప్పాము. వైపర్లు వచ్చే సంచికలో.