చిలమత్తూరు భూములు ఎంబీఏలో పాఠం కావాలి

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గారికి,

వ్యాపార నీతి అనగానే ఎంబీఏ పిల్లలు ఎన్రాన్, సత్యం కంపెనీల లెక్కల మోసాలు అంటారు. సత్యం గుట్టు 2009 జనవరిలో బయటపడి పుస్తకాలకెక్కింది. దాదాపు అదే కాలంలో లేపాక్షి నాలెడ్జ్ హబ్ అనే పారిశ్రామిక ప్రాజెక్టు పేరుతో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో తీసుకున్న 8,800 పైచిలుకు ఎకరాల సంగతి ఏ పాఠంలో చెబుతారు?

ఉద్యోగాలన్నారు, రాలేదు. భూములు బ్యాంకుల్లో తాకట్టు పడ్డాయి. సీబీఐ, ఈడీ కేసులయ్యాయి. దోషులెవరో కోర్టులే తేల్చాలి. కానీ ఒప్పందంలో గడువు ఎలా రాయాలి, పరిశ్రమ రాకపోతే భూమి ఎవరికి చేరాలి, తాకట్టుకు ఒప్పుకునే ముందు ఎవరిని అడగాలి అన్నవి తరగతిలో తేలాల్సినవి. రేపు బ్యాంకులో రుణపత్రాలపై సంతకం చేసేది మీ విద్యార్థులే. వాళ్లకు సేద్యం పోయిన కుటుంబం ఉత్త సర్వే నంబరుగా కనిపిస్తే ఆ నష్టం మళ్లీ మా మీదే పడుతుంది. లాభంలో రెండు శాతం కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) లెక్క నేర్పితే చాలదు. అది సులువైన లెక్కే లెండి.

వచ్చే విద్యా సంవత్సరం నుంచి ఈ ఉదంతాన్ని మార్కులున్న కేస్ స్టడీగా పెట్టండి. విద్యార్థులు ఒప్పంద పత్రాలు చదవాలి, ఇక్కడికొచ్చి రైతులతో మాట్లాడాలి, రాసిన నివేదికను గ్రామసభలో తెలుగులో వినిపించాలి. మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
చిలమత్తూరు మండల పౌరుడు