ఆ బిడ్డ ఎన్నిసార్లు చెప్పాలి?

మిరప కోతలొస్తే ఖమ్మం జిల్లా చేలగట్ల మీద టార్పాలిన్ గుడిసెలు లేస్తాయి. బోనకల్ మండలం వైపూ అంతే. భద్రాచలం ఏజెన్సీ నుంచి, ఆ అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు పిల్లాపాపలతో వచ్చి దిగుతారు. పెద్దవాళ్లు పొద్దున్నే కాయ కోయడానికి పోతే, కాస్త ఎదిగిన పిల్లలు చంటివాళ్లను ఎత్తుకుని గుడిసెల దగ్గరే ఉండిపోతారు. అలాంటిచోట ఒక ఎనిమిదేళ్ల పాపపై అఘాయిత్యం జరిగిందనుకుందాం.

ఆ పాప మొదట అమ్మకు చెబుతుంది. విషయం మేస్త్రీ దాకా పోతే ఆయనా అడుగుతాడు, మళ్లీ చెప్పాలి. పోలీస్ స్టేషన్‌లో చెప్పాలి. సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఖమ్మం పోయి ఆసుపత్రిలో డాక్టరుకు, ఆ తర్వాత బాలల సంక్షేమ సమితికి, మేజిస్ట్రేటుకు చెప్పాలి. నెలలు గడిచి, ఇంట్లోవాళ్లు ఆ మాట ఎత్తడం మానేశాక, కోర్టులో మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఇదంతా తెలుగులో. ఆ పాపకు వచ్చింది కోయ.

పిల్లలపై అఘాయిత్యం వార్త వచ్చినప్పుడల్లా మన చర్చ శిక్ష చుట్టూనే తిరుగుతుంది. ఉరి వేయాలా, ఇరవై ఏళ్లు చాలా అని వాదించుకుంటాం. నా మటుకు నాకు అంతకంటే ముందు అడగాల్సింది ఇది: ఈ బిడ్డ జరిగిందంతా ఎంతమందికి, ఎన్నిచోట్ల తిరిగి చెప్పుకోవాలి? ఆ సంఖ్య తగ్గనంతవరకు ఎన్ని కేంద్రాలు తెరిచినా, ఎన్ని బోర్డులు కట్టినా పని జరిగినట్టు కాదు.

అమెరికాలో ఈ ప్రశ్న 1985లోనే వచ్చింది. అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో బడ్ క్రేమర్ అనే డిస్ట్రిక్ట్ అటార్నీ, బిడ్డ అందరి దగ్గరికీ తిరగడం కాదు, అందరూ బిడ్డ ఉన్నచోటికే రావాలని ఒక కేంద్రం పెట్టించారు. ఐస్‌లాండ్ 1998లో అదే ఆలోచనతో ‘బార్నహుస్’ తెరిచింది. పిల్లల ఇల్లని ఆ మాటకు అర్థం. శిక్షణ పొందిన ఒక్కరు బిడ్డతో మాట్లాడతారు, మిగతావాళ్లు పక్క గదిలో తెర మీద చూస్తారు, రికార్డు చేస్తారు. మన దగ్గర ఆ దారిలో మొదటి పెద్ద అడుగు హైదరాబాద్ పోలీసులు 2016లో తెరిచిన భరోసా కేంద్రం. కౌన్సెలింగ్, వైద్యం, వాంగ్మూలం, న్యాయసహాయం ఒకే కప్పు కిందికి తెచ్చారు. 2018లో అక్కడే పిల్లలకు అనువైన కోర్టూ ఏర్పాటైంది. తర్వాత జిల్లా కేంద్రాలకూ భరోసా విస్తరించింది. దీన్ని నేను తక్కువ చేసి చూడను. తెలంగాణ గర్వంగా చెప్పుకోవాల్సిన పనే.

కానీ అది ఆగింది జిల్లా కేంద్రం దగ్గరే. బిడ్డ ఉన్నది మండలంలో.

చట్టం మాత్రం మండలం దాకా, నిజానికి గుడిసె దాకా వెళ్లింది. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టేందుకు 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం ప్రకారం బిడ్డ ఇంటి దగ్గరో, తను కోరుకున్నచోటో వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి తెలపాలి. భాష రాకపోతే దుబాసీని పెట్టాలి. 2020 నిబంధనల ప్రకారం దుబాసీల, సహాయకుల పేర్లతో ప్రతి జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఒక రిజిస్టర్ ఉంచుకోవాలి, వాళ్లకు నైపుణ్యం గల కార్మికుడి కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలి.

అందుకే ఖమ్మం జిల్లా విషయంలో నేను మొదట చూడాలనుకునేది ఆ రిజిస్టర్‌నే. అందులో కోయ తెలిసినవాళ్లు ఎంతమంది? గోండి వచ్చినవాళ్లున్నారా? ఏ మండలంలో ఉంటారు, పిలిస్తే ఎన్ని గంటల్లో వస్తారు? దుబాసీ లేకపోతే ఆ పని మేస్త్రీ మీద పడుతుంది. పాప మాటను తెలుగులో చెప్పేది ఆయనే అయినప్పుడు, కూలీలను నడిపించేదీ ఆయనే అయినప్పుడు, స్టేట్‌మెంట్‌లోకి ఏది ఎక్కుతుంది, ఏది జారిపోతుంది?

ఈ మొత్తం ఏర్పాటుకు ప్రాణం సహాయక వ్యక్తి. మొదటి రోజు నుంచి తీర్పు దాకా బిడ్డ పక్కన ఉండేది, ఆసుపత్రికి, కోర్టుకు తోడు వెళ్లేది, కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఇంట్లోవాళ్లకు చెప్పేది ఆ మనిషే. 2023 ఆగస్టులో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సహాయక వ్యక్తి విషయాన్ని రాష్ట్రాలకు గట్టిగా గుర్తుచేసింది. కావాలో వద్దో తల్లిదండ్రుల ఇష్టానికి వదిలేయవద్దంది. సరైన మాట. అలాంటి మనిషి ఒకరు దొరుకుతారనే సంగతే తెలియని తల్లి, కావాలని ఎలా అడుగుతుంది?

కోతలు వేసవికల్లా అయిపోతాయి, కుటుంబం సొంతూరికి వెళ్లిపోతుంది. కేసు ఖమ్మంలో, సాక్షి ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా అడవుల్లో. సమన్లు ఎవరికి అందుతాయి? బోనకల్‌కు ఇంకో చిక్కూ ఉంది. పక్కనే ఆంధ్రప్రదేశ్. నివాసం ఇటు, పని అటు అయిన కుటుంబాలకు ఏ స్టేషన్‌కు వెళ్లాలన్నదే మొదటి తగువు. ఎక్కడ జరిగినా, వెళ్లిన చోటే జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకోవాలని 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర ప్రక్రియ సంహిత చెబుతోంది కాబట్టి ఆ తగువుకు తావులేదు. అయితే ఎఫ్‌ఐఆర్ బదిలీ అయినంత తేలిగ్గా బిడ్డ బాధ్యత బదిలీ కాదు. రెండు జిల్లాల సంక్షేమ సమితుల మధ్య ఫోనెత్తి మాట్లాడే ఒక మనిషి ఉండాలి.

మగపిల్లల సంగతి ఇంకా అన్యాయం. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో జరిగింది, ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులు ఎదుర్కొన్నామన్న పిల్లలు 53 శాతం, అందులో సగానికి పైగా అబ్బాయిలే. పోక్సో ఆడా మగా తేడా చూడదు. హింసకు గురైనవారికి సాయం చేసే సఖి కేంద్రాలు మాత్రం స్త్రీలకు, ఆడపిల్లలకు పెట్టినవి. హాస్టల్లో ఉండే పన్నెండేళ్ల కుర్రాడికి తన కోసమూ ఒక తలుపుందని ఎవరు చెబుతారు?

ఇవన్నీ దాటి కేసు నిలబడాలంటే అడ్డొచ్చేది రాజీ. నిందితుడు దాదాపు ఎప్పుడూ తెలిసినవాడే: బంధువో, పొరుగువాడో, పని ఇచ్చేవాడో. పెద్దమనుషులు కూర్చుంటారు, పరువు మాట వస్తుంది, ఎంతో కొంత సొమ్ము చేతిలో పెడతారు. రాజీకి ఒప్పుకున్న తండ్రిని తిట్టడం తేలిక. వాయిదాకు పోయిన రోజు కూలి పోతుంది. ఇద్దరు పోతే రెండు కూళ్లు, ఆపైన రైలు ఛార్జీలు, హోటల్ భోజనం. ఈ ఖర్చుల కోసమే 2020 నిబంధనల్లో ప్రత్యేక సహాయం పెట్టారు. తిండికి, బట్టలకు, ప్రయాణానికి తక్షణం డబ్బివ్వాలని సంక్షేమ సమితి సిఫారసు చేయవచ్చు, వారంలోగా అది అందాలి. కోర్టు ఇప్పించే పరిహారం వేరు. బోనకల్ లాంటి మండలంలో అంగన్‌వాడీ టీచరుకు, ఆశాకు, ఏఎన్‌ఎంకు, హెడ్మాస్టరుకు ముందు నేర్పాల్సింది ఈ సంగతే. బిడ్డ నోట విన్నది దాచిపెడితే శిక్ష పడుతుందని భయపెట్టడం ఒక్కటే సరిపోదు. విన్నాక ఎక్కువ ప్రశ్నలు వేయకుండా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలని, సహాయక వ్యక్తిని అడగాలని, ఆ వారం డబ్బుకు దరఖాస్తు పెట్టించాలని వాళ్లకు తెలిసుండాలి. ఆ సొమ్ము ఏడో రోజుకు అందితే తల్లి రెండో వాయిదాకూ బిడ్డను తీసుకుని వస్తుంది. ఏడో నెలలో అందేసరికి పెద్దమనుషులు కాగితం మీద సంతకాలు పెట్టించేసి ఉంటారు.