స్టేషను చుట్టూ ప్లాను గీస్తున్నారు – అందులో కూలీ ఎక్కడ?

తెల్లవారుజామున పటమట రైతుబజారు దగ్గర నిలబడి చూడండి. కంకిపాడు, పెనమలూరు వైపునుంచి కూరగాయల మూటలతో రైతులు దిగుతారు. వాళ్ల వెనకే అన్నం క్యారేజీలు పట్టుకుని కూలీలు దిగుతారు. నాట్లు, కోతలు వున్నన్నాళ్లు పొలంలో, లేనప్పుడు పట్నంలో ఇళ్ల పనుల్లో చేసుకుని బతికేవాళ్లు వీళ్లు. యీ బందరు రోడ్డు మీదుగానే మెట్రో రైలు నడుపుతామని ప్రభుత్వం చెబుతోంది. యీ మధ్య మేము అడ్డా మీద కూలీలతో మాట్లాడుతుంటే ఒక అక్క సూటిగా అడిగింది: "మెట్రో వస్తే మాకేం వొస్తది?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత మన సంఘాల మీద వుంది.

ముందు కథ ఎక్కడ మొదలైందో చూద్దాం. విజయవాడ ప్రాంతానికి మెట్రో సాధ్యమా కాదా అనేది ఏడాదిలో తేల్చాలని 2014 రాష్ట్ర విభజన చట్టం కేంద్రానికి చెప్పింది. 2015లో ఢిల్లీ మెట్రో సంస్థ నివేదిక తయారుచేసింది. నెహ్రూ బస్టాండు నుంచి బందరు రోడ్డు మీద పెనమలూరుకు ఒక లైను, ఏలూరు రోడ్డు మీద నిడమానూరుకు ఇంకొక లైను, మొత్తం సుమారు 26 కిలోమీటర్లు అన్నారు. 2017లో కేంద్రం కొత్త మెట్రో విధానం తెచ్చేసరికి ఆ కాగితాలు మూలబడ్డాయి. మళ్లీ 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 38.4 కిలోమీటర్ల మొదటి దశకు 11,009 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదం తెలిపింది. ఏలూరు రోడ్డు లైను యీసారి గన్నవరం దాకా సాగింది. అమరావతి లైను రెండవ దశలో పెట్టారు.

రైలు గురించి పత్రికలన్నీ రాశాయి. రైలుతో పాటు వచ్చే అసలు సంగతి గురించి రాసినవాళ్లు తక్కువ.

స్టేషను చుట్టూ జరిగేదేమిటి?

2017 మెట్రో విధానం ఒక షరతు పెట్టింది. కేంద్రం డబ్బు కావాలంటే ఉత్త రైలు ప్లాను చాలదు, స్టేషన్ల చుట్టూ భూమిని ఎలా వాడతారో కూడా చెప్పాలి. అదే సంవత్సరం దీనికోసం ఒక జాతీయ విధానం కూడా తెచ్చారు. స్టేషను నుంచి 500 మొదలు 800 మీటర్ల లోపు భూమిని ప్రత్యేక ప్రాంతంగా చూస్తారు. అక్కడ ఎక్కువ అంతస్తులు కట్టుకోనిస్తారు. ఇళ్లు, దుకాణాలు, ఆఫీసులు దగ్గరదగ్గరగా వచ్చేటట్లు చేస్తారు. భూమి ధర పెరిగితే ఆ పెరుగుదలలో కొంత పన్నుల రూపంలో, ఫీజుల రూపంలో రాబట్టి రైలు ఖర్చుకు వాడతారు.

ఇలా ప్లాన్లు గీయడానికి, నిబంధనలు మార్చడానికి ప్రభుత్వాలు డబ్బు ఆశ చూపుతున్నాయి. పట్టణ ప్రణాళికా నిబంధనలు మార్చే రాష్ట్రాలకు 2022-23లో కేంద్రం 6,000 కోట్లు కేటాయించింది. అది గ్రాంటు కాదు, 50 ఏళ్ల వడ్డీలేని అప్పు. 2024 జూలై బడ్జెటులో 30 లక్షలు దాటిన 14 నగరాలకు ఇలాంటి ప్లాన్లు వేస్తామన్నారు. 2011 లెక్కల్లో విజయవాడ జనాభా పదిన్నర లక్షలకు మించలేదు గనుక ఆ కొలతకు మన ఊరు అందదు. అయినా మెట్రో షరతు రూపంలో అదే ప్లాను మన వాకిట్లోకి వస్తోంది.

ఇది మన దేశంలోనే పుట్టింది కాదు. అమెరికాలో 2012 చట్టం ప్రకారం కొత్త లైన్ల చుట్టూ భూమికి ప్లాను వేసుకోవడానికి స్థానిక సంస్థలకు కేంద్ర ప్రభుత్వమే గ్రాంట్లు యిచ్చింది. తరువాతి కాలంలో తక్కువ ఆదాయంవాళ్ల ఇళ్లకోసం ప్లాను వేసేచోట గ్రాంటు వాటా పెంచే ఏర్పాటు కూడా చేశారు. పెట్టుబడిదారీ దేశంలోనే ప్లాను డబ్బుకు పేదవాడి ఇంటి షరతు పెట్టడం సాధ్యమైనప్పుడు ఇక్కడ ఎందుకు సాధ్యం కాదు?

హైదరాబాదు నేర్పిన పాఠం

మెట్రోలో లాభం టిక్కెట్టులో వుందా, భూమిలో వుందా? హైదరాబాదును అడిగితే చెబుతుంది. 2008లో అక్కడ మెట్రో కాంట్రాక్టు దక్కించుకున్న మేటాస్ కూటమి, ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకోకపోగా తానే 30,311 కోట్లు ప్రభుత్వానికి కడతానంది. రైలు కట్టేవాడు ఎదురు డబ్బులిస్తానంటున్నాడంటే దాని వెనక భూముల వ్యాపారం వుందని ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ అప్పుడే ప్రణాళికా సంఘానికి రాశారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. ఆ జూలైలో కాంట్రాక్టు రద్దయింది.

తరువాత వచ్చిన ఎల్ అండ్ టి సంస్థకు రైలుతో పాటు 269 ఎకరాల మీద ఒక కోటీ 85 లక్షల చదరపు అడుగులు కట్టుకునే హక్కు యిచ్చారు. 2017 నవంబరులో రైలు నడిచింది. నష్టాలొస్తున్నాయని 2025లో ఆ సంస్థ తప్పుకుంటానంటే, సుమారు 13,000 కోట్ల అప్పు తలకెత్తుకుని మెట్రోను తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం ఒప్పుకుంది. లాభం వచ్చినా రాకపోయినా చివరికి బరువు మోసేది ప్రజలే. ఆ ప్రజల్లో కూలీలూ వున్నారు.

సేకరణ లేకుండానే పోయే భూమి

ఇక మన సంగతికి వద్దాం. మెట్రో స్తంభాలు చాలా వరకు రోడ్డు మధ్యలో వేస్తారు. కాబట్టి పొలాలు పోవని చెబుతారు. మాట నిజమే. కాని పొలం పోయేది స్తంభం కింద కాదు, ధర కింద! స్టేషను వస్తుందన్న వార్తకే భూమి చేతులు మారుతుంది. ఆసామి అమ్ముకుంటాడు. కౌలుదారుకు "వచ్చే ఏడు చెయ్యొద్దు" అన్న మాట ఒక్కటే మిగులుతుంది. చేలో రాళ్లు పాతి ప్లాట్లు వేస్తారు. ఆ చేలో నాటువేసిన ఆడకూలీలకు ఆ మాట చెప్పేవాడు కూడా వుండడు.

2013 భూసేకరణ చట్టం ఎన్నో పోరాటాల ఫలితం. సేకరించే భూమి మీద మూడేళ్లుగా ఆధారపడి బతికే వ్యవసాయ కూలీని, కౌలురైతును, సెంటు భూమి లేకపోయినా, బాధిత కుటుంబంగా గుర్తించాలని అది చెబుతుంది. కాని ప్రభుత్వం సేకరించిన చోటనే ఆ గుర్తింపు. ధర పెరిగి భూమి బజారులో అమ్ముడైతే ఏ చట్టమూ కూలీని లెక్కపెట్టదు. 2019 రాష్ట్ర చట్టం కింద కౌలుకార్డు కావాలన్నా ఆసామి సంతకం కావాలి. కార్డు లేని కౌలుదారు పోగొట్టుకున్నది ఏ కాగితంలోనూ కనపడదు.

కృష్ణ అవతల అమరావతిలో 2015లో భూసమీకరణ జరిగినప్పుడు భూమిలేని పేద కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను పెట్టారు. పోయిన పనిదినాల ముందు ఆ డబ్బు ఏపాటిదో అక్కడి కూలీలకు తెలుసు. కాని అక్కడ కనీసం కూలీ అనేవాడు వున్నాడని రాసుకున్నారు. ఇవతల ఒడ్డున, పెనమలూరు, గన్నవరం లైన్ల పొడుగునా ఆ రాత కూడా లేదు.

దీనికి తోడు ఇంకొకటి. 2020లో కానూరు, యనమలకుదురు, తాడిగడప, పోరంకి పంచాయతీలను కలిపి మునిసిపాలిటీ చేశారు. ఉపాధి హామీ గ్రామీణ కుటుంబాలకే. 2005 చట్టం సంగతీ అంతే, దాని స్థానంలో 2025 చివర పార్లమెంటు ఆమోదించిన చట్టం సంగతీ అంతే. అంటే పంచాయతీ బోర్డు మారితే పని హక్కు పోతుంది. కూలీ మాత్రం మారడు!

పటమట కూడా ఒకనాటి పంచాయతీయే. 1985లో నగరంలో కలిశాక భూమి వున్నవాళ్లకు మేడలు లేచాయి. భూమి లేనివాళ్లకు అద్దెలు పెరిగాయి. నగరంలో కాలువగట్ల మీద గుడిసెలు వేసుకున్న పేదల్లో ఎన్నో కుటుంబాలకు ఊరి అవతలి కొసన జక్కంపూడిలో ఇళ్లు చూపించారు. పని ఒకచోట, ఇల్లు ఒకచోట.

మనం అడగవలసినవి

మేము మెట్రోకు వ్యతిరేకులం కాము. మంచి రవాణా కూలీకే ఎక్కువ అవసరం. ప్రజల డబ్బుతో పెరిగే భూమి విలువ కొద్దిమంది సొంతం కావడానికే మేము వ్యతిరేకం. 2017 జాతీయ విధానమే స్టేషన్ల దగ్గర తక్కువ ఆదాయంవాళ్లకు ఇళ్లు, వీధివ్యాపారులకు చోటు వుండాలంటోంది. ఆ మాటను ప్లానులో అంకెలుగా రాయించాలి.

ప్లాను గీయకముందే లైన్ల పొడుగునా గ్రామాల్లో, వార్డుల్లో కౌలుదారులను, కూలీలను ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టాలి. భూమి విలువ పెరుగుదల నుంచి రాబట్టే డబ్బులో స్థిరమైన వాటా స్టేషను దగ్గరే కూలీల అద్దె ఇళ్లకు కేటాయించాలి. రైతుబజారును, కూలీల అడ్డాను కదిలించకుండా అక్కడ నీడ, నీళ్లు, మరుగుదొడ్లు కల్పించాలి. మునిసిపాలిటీల్లో కలిసిన గ్రామాల కూలీలకు పని హామీ వుండాలి. కంకిపాడు, ఉయ్యూరు వైపు ఊళ్లనుంచి స్టేషన్లకు చవక టిక్కెట్టు బస్సులు నడపాలి. ప్లాను ముసాయిదాను తెలుగులో అచ్చువేసి, సభ పెట్టి చదివి వినిపించాలి.

ఇల్లలకగానే పండుగ కాదు. ఆమోదాలూ, అంచనాలూ అయినంత మాత్రాన ప్లాను పూర్తయినట్లు కాదు. అడగవలసిన సమయం ఇదే. స్తంభాలు లేచాక అడిగితే "ముందే ఎందుకు చెప్పలేదు?" అంటారు.

పటమట అడ్డా మీద ఆ అక్క అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇది: అడగకపోతే మనకు వచ్చేది పెరిగిన అద్దె, తరిగిన పని. సంఘంగా కదిలి అడిగితే స్టేషను పక్కనే ఒక ఇల్లు. ఆ అడగడానికి ప్రతి ఊళ్లోనూ సంఘం సిద్ధం కావాలి.