తూటాల సంచి

వేటకు బయలుదేరే మనిషి ఎన్ని తూటాలు వెంట తీసుకొనిపోవాలి? వేటగాండ్రు వ్రాసిన గ్రంథాలలో ఈ ప్రశ్న గుడారము, దోమతెర, లాంతరుల ప్రసక్తి నడుమ ఒక సామగ్రి లెక్కగా కనిపిస్తుంది. అది సామగ్రి లెక్క కాదనీ, వేటను గురించి అడగదగిన ధర్మప్రశ్నలలో మొదటిది అదేననీ నా వాదం. ఇల్లు కదలకముందే, మృగం కంటబడకముందే, కోపమూ భయమూ లేని వేళలో వేటగాడు చేసుకొనే నిర్ణయమది. అడవిలో చేసిన పనికి ఆవేశాన్ని సాకుగా చెప్పుకోవచ్చు. సంచి సర్దుకొన్నప్పటి లెక్కకు ఆ సాకు చెల్లదు.

రాయపూరులోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో కూర్చుండి ఒక హిందీ వేట జ్ఞాపకాల గ్రంథాన్ని తెనిగిస్తూ ఉండగా ఈ ప్రశ్న నన్ను పట్టుకొన్నది. వ్యాగన్ల మరమ్మతు కర్మాగారాన్ని ఆనుకొని వెలసిన ఈ కాలనీలో, విజయనగరం రైలుమార్గం వెంట బ్రతుకుతెరువు వెదుక్కొంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నవి. హిందీలో 'శికార్' అన్న మాటకు వేట అనీ అర్థమే, వేటకు చిక్కిన జంతువు అనీ అర్థమే. ఈ విషయంలో మన తెలుగూ తక్కువ తినలేదు. కోతకు నిలిపిన మేకపోతును సైతం మనం 'వేట' అనే అంటాము. చేసే పనికీ, ఆ పనికి బలియైన ప్రాణికీ ఒకే పేరు పెట్టిన రెండు భాషల మధ్య పనిచేసే అనువాదకుడు ఆ రెంటినీ విడదీసి చూడక తప్పదు.

ఈ ప్రశ్నకు వేట సాహిత్యం రెండు సమాధానాలు చెబుతుంది. మొదటిది సమృద్ధి పక్షం. అడవిలో దుకాణాలుండవు, మిగిలితే నష్టం లేదు, చాలకపోతే ప్రాణాపాయం, కాబట్టి సంచి నిండా తీసుకొనిపొండి అంటారు వీరు. వినడానికి ఇది వివేకంగానే ఉన్నది. కాని సంచిలో ఉన్నది సంచిలోనే ఉంటుందని వీరు నమ్మడం వింత. 1938 నవంబరు 12వ తేదీన, వైస్రాయి లిన్‌లిత్‌గో విచ్చేసిన సందర్భాన, భరత్‌పూరు చిత్తడినేలల్లో ఒక్కరోజున 4,273 పక్షులు నేలకూలినవి. ఆ సంఖ్యను రాతిపై చెక్కించి నిలిపారు కూడా. అన్ని పక్షులను ఆకలి అడగలేదు, ఆత్మరక్షణ అసలే అడగలేదు. తూటాలు ఉన్నవి గనుక పక్షులు కూలినవి.

రెండవది పొదుపు పక్షం. ఒక తూటాకు ఒక మృగం; ఎంత తక్కువ మోసుకొనిపోతే అంత గొప్ప వేటగాడు. ఈ పక్షంవారు జిమ్ కార్బెట్‌ను సాక్షిగా పిలుస్తారు. 1907లో చంపావత్ ఆడపులిపైకి అతడు మూడే తూటాలతో వెళ్ళాడు. రెండు పేల్చడానికి, మూడవది ఆపదకు. ఈ ముచ్చటను మెచ్చుకొనేవారు దాని రెండవ సగాన్ని మరచిపోతారు. మూడు తూటాలూ అయిపోయినవి, గాయపడిన పులి ఇంకా ఎదుటనే ఉన్నది. కార్బెట్ పరుగున పోయి తహసీల్దారు చేతిలోని తుపాకిని అందుకోవలసి వచ్చింది. కొండ చుట్టూ డప్పులు కొడుతూ దాదాపు మూడు వందలమంది గ్రామస్థులు నిలబడి ఉండగా జరిగిన సంగతి ఇది. అతని ధైర్యానికి నేను నమస్కరిస్తాను. ఆ లెక్కకు మాత్రం నమస్కరించలేను.

పొదుపు దయ కాదనడానికి ఇంతకంటె గట్టి నిదర్శనం మా ఛత్తీస్‌గఢ్‌లోనే ఉన్నది. 1947లో కొరియా సంస్థానాధీశుడు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ ఒక రాత్రి మూడు మగ చీతాలను కాల్చాడు. చీతా అంటే మన చిరుతపులి కాదు. అది వేరు జాతి. మూడింటికీ ఖర్చయినవి రెండే తూటాలు. రెండవ తూటా ఒక దాని శరీరాన్ని దూసుకొనిపోయి వెనుకనున్న దానిని కూడా కూల్చింది. ఈ వృత్తాంతం చేరినప్పుడు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికా సంపాదకులే రోత పడ్డారు. భారతదేశంలో చీతాలకు సంబంధించిన చివరి నిర్ధారిత దాఖలాగా దీనిని చెబుతారు. 1952లో ప్రభుత్వం ఆ జాతి దేశంలో అంతరించినట్లు ప్రకటించింది. పచ్చిక మైదానాలు తరగడం, కూనలను పట్టి రాచవేటలకు మచ్చిక చేయడం మొదలైన కారణాలు అంతకుముందే దానిని ఆ అంచుకు తెచ్చినవి. దోషమంతా ఆ రెండు తూటాలదే అనడం న్యాయం కాదు. కాని పొదుపు పక్షంవారి కొలబద్దతో చూస్తే, ఇంతకంటె శ్రేష్ఠమైన వేట మరొకటి లేదు! అటువంటి కొలబద్దను విరిచి పారవేయవద్దా?

మా కాలనీలో శ్రీకాకుళం ప్రాంతపు వృద్ధులొకరు ఉన్నారు. కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు, పడుచుతనంలో, ఎవరో దొరల వెంట గరియాబంద్ అడవులకు తూటాల సంచి మోసుకొనిపోయేవారట. నా అనువాదపు పుటలు చదివి వినిపించగా ఆయన నవ్వి, "బాబూ, ఆళ్ళు పడినవాటినే లెక్కెట్టినారు. పారిపోయినవాటి మాటేటి?" అన్నారు. ఒకసారి కాలు విరిగిన కణుజు నెత్తురు కార్చుకొంటూ పొదల్లోకి పోయిందట. సంచి ఖాళీ అయినది, చీకటి పడుతున్నది. ఎవరూ వెంబడించలేదు. మధ్యాహ్నమంతా సరదాకు కొమ్మల మీది పిట్టలపై గురిచూసి ఖర్చుచేసిన తూటాలలో ఒక్కటి మిగిలినా దాని బాధ తీరేదని ఆయన నేటికీ చెప్పుకొంటారు.

నేను చెప్పదలచినది ఇంతే. తూటాల సంఖ్య ఎక్కువా తక్కువా అనేది అసలు తగాదా కాదు. ఏ పనికి ఎన్ని అన్నదే తగాదా. మొదటి దెబ్బకు ఒకటి కావచ్చు. గాయపరచిన ప్రాణిని బాధ నుండి విడిపించడానికీ, వెంట వచ్చిన మనుషులను కాపాడడానికీ తప్పనిసరిగా కొన్ని ఉండాలి. అవి వేటగాని సొత్తు కావు, ఆ మృగానివి, ఆ మనుషులవి. వాటిని పిట్టలపై ఖర్చుచేసినవాడు ఒకరి సొమ్ము దొంగిలించినవాడు.

వేట చట్టవిరుద్ధమైన దేశంలో ఈ వాదం దేనికని చదువరులు అడగవచ్చు. తుపాకులు మూలపడినవి గాని పుస్తకాలు మూలపడలేదు. అవి అచ్చవుతూనే ఉన్నవి, నా వంటివారు అనువదిస్తూనే ఉన్నాము, పిల్లలు ఆ అంకెలను చదివి ఆశ్చర్యపోతూనే ఉన్నారు. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుండి ఎనిమిది చీతాలను కూనో అడవికి తెచ్చి విడువవలసి వచ్చినది ఆ అంకెల ఘనత చెల్లిన దేశంలోనే.

కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడు జింకపై బాణం ఎక్కుపెట్టి వస్తాడు. తాపసి అడ్డుపడి, ఇది ఆశ్రమమృగం, చంపరాదంటాడు. రాజు బాణాన్ని వెనుకకు తీసుకొంటాడు. రాజు పరాక్రమానికి దానివల్ల లోటు కలిగినదని మన పండితులెవ్వరూ అనలేదు. వేటగాండ్ర జ్ఞాపకాలను ఇకముందు తెనిగించేవారు కూలిన మృగాల పట్టికతో తృప్తిపడక, గాయపడి తప్పిపోయినవి ఎన్ని, ఇంటికి తిరిగివచ్చిన తూటాలు ఎన్ని అని మూలగ్రంథాన్ని నిలదీయాలని నా మనవి. జవాబు లేనిచోట, లేదన్న సంగతిని పీఠికలో వ్రాయాలి. నేను నా అనువాదానికి అటువంటి పీఠికనే వ్రాస్తున్నాను.