గడప మీద నిలబడ్డ తరం: మా ప్రణాళిక

గడప మీద నిలబడొద్దని మన ఇళ్లలో పెద్దలు చెబుతారు. లోపలికి రా, లేదంటే బయటికి వెళ్లు, మధ్యలో మాత్రం ఆగకు అంటారు. అమెరికాలో చదువు ముగించిన మన పిల్లలు ఏళ్ల తరబడి ఆ గడప మీదే నిలబడి ఉన్నారు. పట్టా అందింది, కొలువు దొరికింది, ఇచ్చిన పని బాగానే చేస్తున్నారు. అయినా ఎఫ్‌-1 అనే విద్యార్థి హోదాకూ హెచ్‌-1బీ అనే ఉద్యోగి హోదాకూ నడుమ, ఏ గదికీ చెందకుండా మిగిలారు.

మేం ఆ గడప మీద నిలబడ్డవాళ్లం. డెంటన్‌లో నలుగురు కలిసి ఉండే అపార్ట్‌మెంట్ల నుంచి, ఎడిసన్ బేస్‌మెంట్ల నుంచి, కరీంనగర్‌లోనూ గుంటూరులోనూ ఫోను కోసం ఎదురుచూసే ఇళ్ల నుంచి మాట్లాడుతున్నాం. చదువు నుంచి పనిలోకి సాగే దారిని ఒక్కొక్కరూ విడివిడిగా, రహస్యంగా, భయంగా దాటే కాలం ముగియాలి. అది కలిసి నేర్చుకుని కలిసి దాటాల్సిన దారి. ఇదే మా మూలవాక్యం. కింది ఏడు నమ్మకాలూ అందులోంచే పుట్టాయి.

1. నియమం అందరి సొత్తు.

చదివిన రంగంలో పని చేయడానికి ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు ఉంటాయి. సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం (స్టెమ్) చదివినవారికి మరో 24 నెలలు. మొత్తం మూడేళ్లు. ఓపీటీ దరఖాస్తు కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపు చేరాలి. ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు 90 దాటకూడదు. స్టెమ్ పొడిగింపు వస్తే ఆ 90తో కలిపి 150. పొడిగింపు కావాలంటే కంపెనీ ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి, శిక్షణ పత్రం మీద సంతకం చేయాలి.

వీసా వేరు, స్టేటస్ వేరు. వీసా దేశం గుమ్మం దాకా తెచ్చే ముద్ర; స్టేటస్ లోపల ఉండటానికి ఉన్న హోదా. దేశం విడవకుండా హోదా మారినవారి పాస్‌పోర్టులో పాత ముద్రే మిగులుతుంది. ఊరికొచ్చి కొత్త హోదాలో తిరిగి వెళ్లాలంటే కొత్త వీసా స్టాంపింగ్ కావాలి. ఇది పెళ్లికో చావుకో హడావిడిగా బయల్దేరే రాత్రి తెలియాల్సిన సంగతి కాదు. మొదటి సెమిస్టరు ముగిసేలోపే ప్రతి విద్యార్థికీ ఎక్కాల్లా నోటికి రావాలి. తెలియక దారి తప్పినవాణ్ణి చూసి తలరాత అనుకోవడం మేం మానేస్తున్నాం. తెలిసినవాళ్లం చెప్పలేదనుకుంటాం, ఇకపై చెబుతాం.

2. లాటరీ మనిషికి కొలబద్ద కాదు.

ఏడాదికి 65,000 హెచ్‌-1బీలే అన్న గీత 1990 ఇమిగ్రేషన్ చట్టం గీసింది. 2001 నుంచి 2003 ఆర్థిక సంవత్సరం వరకు అది 1,95,000 అయింది. తర్వాత మళ్లీ 65,000కు దిగింది. అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి వేరుగా 20,000 చేరాయి. 2026 ఆర్థిక సంవత్సరానికి వచ్చిన అర్హమైన నమోదులు 3,43,981 అయితే లాటరీలో ఎంపికైనవి 1,20,141. ముగ్గురిలో దాదాపు ఇద్దరి పేరు రాలేదు. ఆ ఇద్దరి చదువులో కొరత లేదు, కష్టంలో కొరత లేదు.

గీత గీసింది మనుషులే, పెంచిందీ తగ్గించిందీ మనుషులే. బ్రిటన్‌లో విద్యార్థి వీసా నుంచి పని వీసాకు మారేటప్పుడు లాటరీ లేదు. లైసెన్సున్న కంపెనీ, అర్హమైన ఉద్యోగం, నిర్ణీత జీతం ఉండాలి. జర్మనీ తన పట్టభద్రులకు ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తుంది. మరో దారి ఉండగలదని లోకం ఇప్పటికే చూపించింది. 2026లో అమెరికా తన ఎంపికను జీతం స్థాయి వైపు మొగ్గించింది: నాలుగో స్థాయి జీతానికి నాలుగు అవకాశాలు, ఒకటో స్థాయికి ఒకటే. మేం కోరే విధానంలో మొదటి ఉద్యోగం చేసే కుర్రవాడి విలువ మొదటి జీతంతో తేలిపోదు. అతను ఆ దేశపు తరగతి గదిలో ఏం నేర్చాడో, ఆ దేశపు పనిలో ఏం చేసి చూపాడో, అదే లెక్కకు వస్తుంది.

3. నిజం చెప్పే వీలుండాలి, మేమూ నిజమే చెప్పాలి.

ఎఫ్‌-1 వీసా కిటికీ దగ్గర ఇరవై రెండేళ్ల పిల్ల, అక్కడ స్థిరపడే ఉద్దేశం తనకు లేదని అధికారిని నమ్మించాలి. హెచ్‌-1బీకి మాత్రం అదే 1990 చట్టం రెండు ఉద్దేశాలనూ ఒప్పుకుంది: ఇప్పటికి పని చేస్తాను, వీలైతే ఉండిపోతాను. ఈ రెంటి మధ్య నడిచే మనిషి మనసులో ఏముందో ఆ మనిషికే ఇంకా తెలియదు. "చదివాక చూస్తాను" అని ఏ బెరుకూ లేకుండా చెప్పగలిగే కిటికీ మాకు కావాలి.

ఆ కిటికీని అడిగే హక్కు నిజాయితీగా బతికేవాళ్లకే ఉంటుంది. చేయని పనిని అనుభవంగా రాసుకున్న రెజ్యూమె, ఒకరి ఇంటర్వ్యూలో ఇంకొకరి గొంతు, తరగతులు లేని చోట అడ్మిషను: ఇవి మా దారి కావు. 2011లో ట్రైవ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయాల ఉదంతాల్లో మన తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో నలిగిపోయారు. మొదటిసారి కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. రెండోసారి ఆ విశ్వవిద్యాలయాన్ని నడిపింది మారువేషంలో ఉన్న అధికారులే. ఆ గాయాన్ని మేం పాఠంగా మోస్తున్నాం. అడ్డదారి చూపే ప్రతి నోటికీ ఎదురుగా దారి తెలిసిన పది గొంతులు నిలబడాలి.

4. పనికి వెల ఉంది, ఆ వెల యజమానిది.

హెచ్‌-1బీ నమోదు చేసేది కంపెనీ. అభ్యర్థి తనంతట తాను చేసుకోలేడు. అంతమాత్రాన అభ్యర్థి బానిస కాడు. శిక్షణ నిధికీ మోసాల నివారణకూ కట్టే రుసుములు యజమానివే, ఉద్యోగి దగ్గర రాబట్టకూడదు. ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టినా హెచ్‌-1బీ ఉద్యోగికి జీతం ఇవ్వాల్సిందే. ఏ ఊళ్లో, ఏ పనికి, ఎంత జీతమో కార్మిక శాఖకు రాసిచ్చే ఎల్‌సీఏ ప్రతి ఉద్యోగి చేతికి రావాలి. అన్యాయం జరిగితే ఆ శాఖకు ఫిర్యాదు చేసే దారి ఉంది.

మన ఇళ్లలో ఎకరం తాకట్టు పెట్టి, రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పంపిన డబ్బు ఆ చదువు వెనక ఉంది. ఆ అప్పు భయమే సంతకం చేయకూడని కాగితం మీద సంతకం చేయిస్తోంది. కాగితం చదవకుండా ఎవరూ కలం పట్టని రోజు మాకు కావాలి. చదివినా అర్థం కానివాడికి పక్కన కూర్చుని చదివి చెప్పే మనిషి కావాలి.

5. ముందు నడిచినవాడే దీపం పట్టాలి.

ఇది మనకు కొత్త విద్య కాదు. మొదటిసారి దిగిన కుర్రవాడి కోసం సీనియర్ ఎయిర్‌పోర్టుకు వస్తాడు. తన గదిలో పరుపు వేస్తాడు, రైస్ కుక్కరు చూపిస్తాడు, ఆవకాయ సీసా పంచుకుంటాడు. ఆ ప్రేమ మూడో రోజుతో ఆగిపోకూడదు. పని అనుమతికి ఈఏడీ కార్డు వచ్చేదాకా, మార్చిలో నమోదు జరిగేదాకా, అక్టోబరు 1న హోదా మారేదాకా అదే చేయి వెంట ఉండాలి. హోదా మార్పుకు కంపెనీ వేళకు పిటిషన్ వేస్తే, ఓపీటీ ముగిసినా క్యాప్‌-గ్యాప్ కింద పని కొనసాగించవచ్చని, 2025 జనవరి నుంచి దాని గడువు ఏప్రిల్ 1 దాకా పెరిగిందని తమ్ముడికి అన్నే చెప్పాలి. యూనివర్సిటీల్లో, వాటికి అనుబంధమైన లాభాపేక్ష లేని సంస్థల్లో ఉద్యోగానికి హెచ్‌-1బీ వార్షిక పరిమితే వర్తించదని చెల్లికి అక్కే చెప్పాలి.

2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చిన రాత్రి ఎన్ని ఇళ్లలో నిద్ర కరువైందో మాకు తెలుసు. అమెరికాలోనే ఉండి విద్యార్థి హోదా నుంచి మారేవారికి అది వర్తించదన్న వివరణ అక్టోబరులో వచ్చింది. పుకారు ముందు చేరింది, నియమం ఆలస్యంగా చేరింది. ఈ వరస తిరగబడాలి. అందుకే విన్న మాటను ముందు యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడుగుతాం, తర్వాత లైసెన్సున్న ఇమిగ్రేషన్ లాయరును అడుగుతాం, ఆ తర్వాతే పదిమందికి పంపుతాం.

6. తిరిగి రావడమూ గెలుపే.

లాటరీలో పేరు రానివాడు ఓడిపోయాడన్న మాటను మేం మా భాషలోంచి తీసేస్తున్నాం. మూడేళ్ల పని నేర్చుకుని హైదరాబాద్‌లో దిగిన ఇంజినీరు చేతిలో ఉన్న విద్య ఏ విమానాశ్రయంలోనూ తరిగిపోదు. అక్కడ ఉండటం ఒక ఎంపిక, ఇక్కడికి రావడం ఒక ఎంపిక, మూడో దేశానికి వెళ్లడం ఇంకో ఎంపిక. మూడింటికీ సమాన గౌరవం దక్కినప్పుడే ఎంపిక అన్న మాటకు అర్థం ఉంటుంది. తిరిగొచ్చినవారిని మా సభల్లో ముందు వరసలో కూర్చోబెడతాం. వారి అనుభవాన్ని వినకుండా కొత్తవారినెవరినీ విమానం ఎక్కించం.

7. ఇంటి మాట మారాలి.

వసంతం వస్తే మన ఇళ్ల నుంచి వెళ్లే మొదటి ప్రశ్న "పిక్ అయిందా?" సంబంధాలు చూసేటప్పుడు పిల్లవాడి స్వభావం కంటే ముందు వాడి స్టేటస్ అడుగుతున్నాం. అమ్మా, నాన్నా, ఈ ఉద్యమంలో మీకూ చోటుంది. మా వీసా కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ మీరు చేసే ప్రదక్షిణల్లో ఉన్న ప్రేమకు మేం చేతులు జోడిస్తాం. ఆ ప్రేమ ఫోనులోనూ వినపడాలని అడుగుతున్నాం. "తిన్నావా, నిద్ర పోతున్నావా" అన్నది మొదటి ప్రశ్న కావాలి. వీసా సంగతి వాడే చెబుతాడు. చెప్పేదాకా ఆగగల ఇల్లే వాడికి అసలైన బలం.

మేం కట్టబోయే రేపు

ఆ రేపట్లో చదువు చివరి రోజూ పని మొదటి రోజూ పక్కపక్కనే ఉంటాయి. అర్హతకు స్పష్టమైన నియమం ఉంటుంది, ఆ నియమం తెలుగులోనూ దొరుకుతుంది. చట్టం కాలానికి తగ్గట్టు మారుతుంది. మారేదాకా ఉన్న చట్టాన్ని మేం అక్షరం పొల్లు పోకుండా తెలుసుకుని, పాటించి, పంచుతాం. చట్టం మార్చే ఓటు మాలో చాలామందికి లేదు. పౌరులైన మా ముందు తరం తెలుగువాళ్లకు ఉంది. ఒకప్పుడు ఇదే గడప మీద నిలబడ్డవాళ్లు వాళ్లు. తమ ప్రతినిధుల దగ్గర మా మాటను తమ మాటగా వినిపించమని వాళ్లను అడుగుతున్నాం.

మిత్రమా, ఇందులో చేరడానికి రుసుము లేదు, దరఖాస్తు లేదు. ఒక్క సంకల్పం చాలు. నీకు తెలిసిన ఒక నియమాన్ని ఈ వారం తెలియని ఒకరికి చెప్పు. నువ్వు చేసిన ఒక పొరపాటును దాచుకోకుండా నీ తర్వాత వచ్చేవారి ముందు పెట్టు. పేరు రాని స్నేహితుడి గదికి వెళ్లి, ఆ రాత్రి అతనితో కలిసి అన్నం తిను.

పండగపూట మన అమ్మలు గడపకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెడతారు. దాటబోయే అడుగు మంచిదవ్వాలని ఆ పూజ. ఈ గడపకు ఇప్పటిదాకా ఎవరూ పసుపు పూయలేదు. మేం పూస్తున్నాం. లోపలికి వెళ్లేవారూ, ఇంటికి తిరిగొచ్చేవారూ, రండి, ఒకరి చేయి ఒకరం పట్టుకుని దాటుదాం.