పాత షెడ్డులో ల్యాబ్ పెడతారా? ముందు తలుపు కొలవండి, తర్వాత ఆటోక్లేవ్ మాట



పై వీడియోలో ట్రైకోడెర్మా తయారీ చూశారు కదా. అది చూసినవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే: "మా ఊళ్ళో బెల్లం వండే షెడ్డు ఖాళీగా ఉందండీ, అందులో ల్యాబ్ పెట్టుకోవచ్చా, ఏ మిషను కొనాలి?" అనకాపల్లి చుట్టుపక్కల ఈ ప్రశ్న రావడం సహజమే. చెరకు తగ్గింది, చాలా షెడ్లలో పొయ్యి వెలగడం లేదు. గోడలు మాత్రం గట్టిగానే ఉన్నాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. బిల్డింగుకి తగ్గట్టు మిషను చేయించుకోండి. మిషను కోసం బిల్డింగు పగలగొట్టకండి. సంఘం డబ్బు అంటే పదిమంది రైతుల చెమట. అది గోడలకీ తలుపులకీ పోతే, కల్చర్ కొనే నాటికి చేతిలో ఏమీ మిగలదు.

అంతకంటే ముందు, మీకు ఇది అవసరమా? జీవామృతానికి, ఘనజీవామృతానికి స్టెరిలైజేషన్ అక్కర్లేదు. అక్కడ మనకి కావాల్సిందే రకరకాల సూక్ష్మజీవులు. కానీ ట్రైకోడెర్మా, సూడోమోనాస్, బవేరియా లాంటివి ఒక్కోటి విడిగా పెంచాలంటే లెక్క వేరు. జొన్నల్లో వేరే బూజు బతికి ఉంటే మనం వేసిన కల్చర్ కంటే ముందు అదే ఎక్కుతుంది. ఆస్పర్జిల్లస్ కూడా పచ్చగానే ఉంటుంది, కంటికి తేడా తెలీదు. దాంట్లో కొన్ని రకాలు అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తాయి. ఎర్రకుళ్ళు రాకుండా ముచ్చెల్ని శుద్ధి చేద్దామని పట్టుకెళ్ళిన రైతుకి అలాంటి పాకెట్ ఇస్తే, ఆయన మనల్నే కాదు, ప్రకృతి వ్యవసాయాన్నే నమ్మడం మానేస్తాడు. అందుకే దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు అంటున్నాను.

ఇక సూత్రం. ఆవిరి 121 డిగ్రీల దగ్గర, అంటే 15 పౌండ్ల ప్రెషర్ దగ్గర, 15–20 నిమిషాలు ఉంటే మొండి బీజాలు కూడా చస్తాయి. ఇది పలచటి మీడియాకి. అరకిలో జొన్నల పాకెట్ లోపలికి వేడి వెళ్ళడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. లోపలి గాలి పూర్తిగా బయటికి పోకపోతే మీటరు 15 చూపించినా వేడి 121కి రాదు. కాబట్టి ప్రెషర్ మీటరుతో పాటు థర్మామీటర్ కూడా లేని మిషను వద్దనండి. అరకు, పాడేరు లాంటి ఎత్తు ప్రాంతాల వాళ్ళకి ఇది మరీ ముఖ్యం. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, అదే మీటరు రీడింగుకి వేడి కాస్త తక్కువే వస్తుంది.

మిషను చేసేవాళ్ళకి ఫోన్ చేసేముందు టేపు పట్టుకుని షెడ్డులో ఈ కొలతలు రాసుకోండి.

తలుపు: అన్నిటికంటే ఇరుకైన చోటు ఎంత? మూడడుగుల తలుపులోంచి నాలుగడుగుల మిషను రాదు. కాళ్ళు, ప్యానెలు విప్పి లోపల బిగించేట్టు చేయించుకోవచ్చు.

నేల: 300 లీటర్ల ఛాంబరుని నీళ్ళతో నింపి ప్రెషర్ టెస్ట్ చేస్తే నీళ్ళే 300 కిలోలు. ఇనుము బరువు దానికి అదనం. పాత గచ్చు మీద నేరుగా పెట్టకండి, కింద కాంక్రీటు దిమ్మ వేయించండి.

పైకప్పు: నిలువు మిషనుకి మూత పైకి తెరవాలి, బుట్ట పైకి లాగాలి. రేకులు కిందికి ఉన్న చోట అడ్డం మిషనే మేలు.

కరెంటు: 6 కిలోవాట్ల హీటరు సింగిల్ ఫేజు మీద సుమారు 26 ఆంపియర్లు లాగుతుంది. మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గు తట్టుకోదు. త్రీ ఫేజు కావాలంటే ఈపీడీసీఎల్‌లో ముందే కనుక్కోండి.

నీళ్ళు, ఆవిరి: ఉప్పు బోరు నీళ్ళు పోస్తే హీటరుకి గార పడుతుంది. వాన నీళ్ళో, ఫిల్టరు నీళ్ళో వాడండి. ఆవిరి గొట్టం గోడ బయటికి, మనిషి తలకంటే ఎత్తులో పోవాలి.

ఇక్కడ ఒక గీత గీయాలి. సైజు, కాళ్ళు, తలుపు ఏ వైపు తెరవాలి, ప్యానెల్ ఎక్కడుండాలి, ఇవన్నీ మన ఇష్టం. సేఫ్టీ వాల్వు, లోపల ప్రెషర్ ఉండగా తెరుచుకోని తలుపు లాకు, రేకు మందం, వీటిలో మాత్రం బేరం లేదు. "ఊళ్ళో వెల్డరు చేత సగం ధరకి చేయిస్తాం" అనే తమ్ముళ్ళకి నా సమాధానం ఒకటే: అది పాల క్యాను కాదు, ఆవిరి బాంబు. బాయిలర్ల శాఖ నిబంధనలు వర్తిస్తాయో లేదో కూడా ఆర్డరుకి ముందే అడగండి.

ఆఖరి వాయిదా డబ్బు మాత్రం మీ షెడ్డులో, మీ కరెంటు మీద, మీ జొన్న పాకెట్లు నిండా పెట్టి నడిపి చూశాకే ఇవ్వండి. రంగు మారే టేపు వేడి తగిలిందనే చెప్తుంది, చచ్చాయని చెప్పదు. దానికి బీజాలున్న చిన్న ట్యూబు పెట్టి పరీక్షించాలి. పాకెట్లు పాలీప్రొపిలీన్‌వే ఉండాలి, మామూలు పాలిథిన్ కరిగిపోతుంది.

"ఇంత ఖర్చు మాకెందుకు" అనే మాటలో కూడా న్యాయం ఉంది. ఇంట్లో పెద్ద ప్రెషర్ కుక్కరు పనిచేసేదీ ఇదే సూత్రం మీద. మొదటి సీజను కుక్కరుతో నడపండి. నెలకి ఎన్ని కిలోలు నిజంగా అమ్ముడవుతాయో తేలాక ఆ లెక్కకి మిషను చేయించండి. నన్నడిగితే ఒక పెద్దదాని కంటే రెండు చిన్నవి మేలు. ఒకటి పాడైనా సీజను ఆగదు.

మనకి ఇంకో అదృష్టం ఉంది. 1913 నుంచి ఉన్న చెరకు పరిశోధనా స్థానం అనకాపల్లిలోనే ఉంది, అక్కడ జీవ నియంత్రణ విభాగమూ ఉంది. రూపాయి ఖర్చు పెట్టేముందు ఒక పూట వెళ్ళి వాళ్ళతో మాట్లాడి రండి.

మీ షెడ్డు కొలతలు, కరెంటు లోడు, నెలకి ఎన్ని కిలోలు కావాలో కింద రాయండి. వచ్చే వీడియోలో వాటినే తీసుకుని, ఏ షెడ్డుకి ఏ సైజు సరిపోతుందో చూద్దాం.